ఆఖరి పేజీలో ఆకుపచ్చ టిక్కు

2024 ఏప్రిల్ 15, సోమవారం

ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్‌లో రోజుకు అయిదు లైన్లే రాయాలట. "ఈ రోజు వోచర్లు సరిచూశాను, ఎంతో నేర్చుకున్నాను." ఈ మూడు వారాల్లో నేర్చుకున్న ఆ 'ఎంతో' ఏమిటంటే, హయాత్ బాషా గారి టీలో చక్కెర వేయకూడదని. యూనివర్సిటీకి ఆ సంగతి అక్కర్లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నా.

మా ఆడిట్ ఆఫీసులో ఆయనే సీనియర్. కడప మనిషి. ఇవాళ నాకొక ఆకుపచ్చ పెన్ను ఇచ్చాడు, పురోహితుడు తాళి అందించినంత గంభీరంగా.

"క్లయింటోళ్ళు నీలం రాస్తారు, నలుపు రాస్తారు. పచ్చది మనది. పచ్చ టిక్కు పడిందంటే, ఒక మనిషి కంటితో చూసినట్టు లెక్కమ్మే."

ఎవరి టిక్కు వాళ్ళకే ప్రత్యేకంగా ఉండాలట. నేను కింద ఒక చుక్క కలిపి నాదిగా చేసుకున్నా. ఇంకో మాట చెప్పాడు. టిక్కు పెట్టేటప్పుడు నోటితో అనాలి. "కన్ను దాటేస్తాది. నోరు దాటెయ్యదు." సాయంత్రం దాకా ఉంది, ఉంది అని గొణుక్కుంటూ రెండు వందల ఇన్‌వాయిస్‌లకు టిక్కులు పెట్టాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ కూడా ఉంది, ఉంది. బాపు చూసి నవ్వాడు.

జూన్ 24న ఆడిటింగ్ పేపర్. అదీ, ఈ ఇంటర్న్‌షిప్పూ గట్టెక్కితే బీకాం అయిపోయినట్టే. ఆఫీసులో ఉద్యోగం ఇస్తామని పార్ట్‌నర్ ఇంకా నోరు తెరిచి అనలేదు.

ఏప్రిల్ 16

వాన. గల్ఫ్‌లో ఇంత వాన నేనెప్పుడూ చూడలేదు. ఖుసైస్‌లో మా బిల్డింగు కింద కార్లు పడవలైనాయి. బాపు తాను నడిపే కంపెనీ బస్సుతో సహా ఎక్కడో చిక్కుకున్నాడు. ఫోను కలవడం లేదు.

ఏప్రిల్ 17

బాపు వచ్చాడు. తొడల దాకా బురద. నలభై మందిని సీట్ల మీద నిలబెట్టి రాత్రంతా గడిపాడట. ఆయన కోసం నీళ్ళలో నిలబడి ఎదురు చూసినందుకు నాకు జలుబు, దగ్గు.

ఏప్రిల్ 19

గొంతు పూర్తిగా పోయింది. మెట్‌పల్లి నుంచి అమ్మ ఫోన్ చేసింది. నేను హలో అంటే, "ఎవలయ్యా మాట్లాడేది? మా సుభాషిణికియ్యి" అంది. నవ్వబోతే మళ్ళీ దగ్గు.

ఏప్రిల్ 21, ఆదివారం

అల్ వర్సాన్‌లో ఒక క్లయింటు కంపెనీ కూలీలుండే క్యాంపుకు వెళ్ళాం. జీతాల పట్టీలో ఉన్న మనుషులు నిజంగా ఉన్నారో లేదో ఏడాదికోసారి చూడాలి. పుస్తకంలో దీన్ని 'ఉనికి పరీక్ష' అంటారు. గురువారం జరగాల్సింది, వీధుల్లో నీళ్ళుండి ఇవాళ్టికి జరిగింది. 286 పేర్లు, తొమ్మిది పేజీలు.

హయాత్ బాషా గారు ఆఫీసు గదిలో పాస్‌పోర్టులు చూస్తున్నాడు. మెస్ హాల్లో మనుషుల్ని చూడటం నా వంతు. క్యాంప్ బాస్ చేతి మైకులో పేరు చదవాలి, ఆ మనిషి హాజిర్ అంటూ కార్డుతో ముందుకు రావాలి, నేను మొహం, కార్డు చూసి, ఉన్నాడని నోటితో అంటూ టిక్కు పెట్టాలి. గదుల ముందు ఇంకా బురద ఉంది. గుమ్మాల దగ్గర ఎవరి చెప్పులు ఎవరివో కలిసిపోయి ఉన్నాయి. కిటికీల్లేని హాల్లో తడి పరుపుల వాసన. ఎనిమిదో పేజీ అయిపోగానే కరెంటు పోయింది. చెమటలు, ఆకలి, నా దగ్గు. "యల్లా సిస్టర్, ఖలాస్ కరో" అని క్యాంప్ బాస్ ఒకటే తొందర.

286కి 286. లెక్క సరిపోయింది. మధ్యాహ్నం మూడింటికి బిర్యానీ తిన్నాం.

(ఆఖరి పేజీలో ఒకతని చెప్పులు ఒకటి నీలం, ఒకటి నలుపు. తల వంచుకుని వచ్చి, కార్డు చూపించి వెళ్ళిపోయాడు. పేరు మ్యాకల అంజి.)

ఏప్రిల్ 22

కాగితాలన్నీ ఫైల్ చేశాను. ప్రతి పేజీ కింద ఒక వాక్యం ఉంటుంది: "పై వ్యక్తులందరినీ గుర్తింపు కార్డుతో ప్రత్యక్షంగా చూసితిని." దాని కింద నా సంతకం, నా సంతకం కింద హయాత్ బాషా గారి సంతకం.

"అందర్నీ చూసినావు గదా?"

"చూశాను సార్."

పార్ట్‌నర్ నా వైపు చూసి, జూలై నుంచి కుర్చీ ఒకటి ఖాళీ అవుతుందన్నాడు. బాపుకు చెబితే గల్లీ చివర ఫకీర్ సాహెబ్ బేకరీలో కేకు తెచ్చాడు. దాని మీద 'సీఏ సుభాషిణి' అని రాయించాడు. సీఏ వేరు, ఇది వేరు అని చెప్పాలనుకున్నాను గానీ క్రీము బాగుంది.

ఏప్రిల్ 28, ఆదివారం

సెలవు రోజున బాపు ఇంట్లో ఉండడు. ఇక్కడ చనిపోయిన మనవాళ్ళ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, పెట్టె విమానం ఎక్కేదాకా చూసి వస్తాడు. పందొమ్మిదేళ్ళుగా ఇదే. బస్సు నడపడం ఆయన ఉద్యోగం, ఇది ఆయన పని.

ఇవాళ అన్నం తింటూ చెప్పాడు.

"మనదిక్కు పోరడే బిడ్డా. కథలాపూర్ మండలం. మ్యాకల అంజి. కనవడ్తలేడు. వాన నాడు గోదాంల నీళ్ళు తోడనీకె తోల్కపోయిండ్రట. మల్ల క్యాంపుకు రాలేదంటరు తోటోళ్ళు. కంపెనోళ్ళేమో ఇర్వై ఒకటో తారీఖు దాక ఉన్నడు, అటెన్క పారిపోయిండని రాసి ఇచ్చిండ్రు. పారిపోయినోనికి ఇన్సూరెన్స్ లేదు, ఏం లేదు."

"ఇరవై ఒకటిదాకా ఉన్నాడని వాళ్ళకెట్లా తెలుసు?"

"ఆడిటోళ్ళు వచ్చి ఒక్కొక్కల మొఖం సూసి టిక్కు వెట్టిండ్రట. కాగితం సూపెట్టిండ్రు. పచ్చ పెన్నుతోని ఉన్నది." అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు నిండా గర్వం. "నువ్వు సదివేది గదేనాయె. సూసి రాసెటోళ్ళు అబద్ధం రాయరు. మరి తోటోళ్ళు గట్లెందుకంటున్నరో."

బాపుకు పప్పు వడ్డించాను. క్లయింటు పేరు ఇంట్లో చెప్పకూడదు. గోప్యత, రెండో చాప్టర్. పరీక్షలో ఆరు మార్కుల ప్రశ్న.

ఏప్రిల్ 29

అతను ఉన్నాడు. "ఉన్న" అన్నాడు. నేను విన్నాను.

ఏప్రిల్ 30

ప్రశాంతంగా కూర్చుని గుర్తు చేసుకుంటే అన్నీ గుర్తొస్తాయి. సన్నగా ఉన్నాడు. తల వంచుకున్నాడు. చెప్పులు ఒకటి నీలం, ఒకటి నలుపు. కార్డు చివర కొంచెం విరిగి ఉంది. గొంతు బొంగురు. వానలో తడిసి జలుబు చేసి ఉంటుంది, పాపం.

ఇన్ని గుర్తున్నాయంటే చూసినట్టే కదా.

మే 5, ఆదివారం

బాపు మధ్యాహ్నం ఇంటికొచ్చి స్నానం చేశాడు. చాలాసేపు చేశాడు. తర్వాత మంచం అంచున కూర్చున్నాడు.

శుక్రవారం ఒక గోదాము కింద నీళ్ళు పూర్తిగా తోడేశాక, పంపు గుంతలో ఒక శవం దొరికిందట. కార్డు లేదు. మొహం లేదు. వేళ్ళు నానిపోయి ముద్రలు రావడం లేదు. వాన రోజో, మర్నాడో పోయిన మనిషని డాక్టర్లు తేల్చారు.

"నా మనసుకు అంజే అనిపిస్తాంది. పోయి ఆడ ఆఫీసర్ను అడిగిన. తల్కాయ ఊపిండు. మీ మనిషి ఇర్వై ఒకటి నాడు హాజరున్నడు, గీ మనిషి పదిహేడుకే సచ్చిపోయిండు, సచ్చినోడు నాల్గు దినాలకు లేసి వచ్చి హాజరెట్ల చెప్తడు అన్నడు. నిజమే గదా బిడ్డా. ఎట్ల చెప్తడు?"

గోదాము పేరు, క్యాంపు పేరు బాపు చెబుతూనే ఉన్నాడు. నేను చాయ్ పెట్టడానికి లేచాను. పాలు పొంగిపోయాయి.

మే 8

సాయంత్రం క్లాసు. నెగెటివ్ కన్ఫర్మేషన్. బాకీదారులకు ఉత్తరం రాస్తాం: ఈ అంకె తప్పయితేనే జవాబివ్వండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే. మౌనం అంగీకారం అన్నమాట.

మ్యాకల అంజి దగ్గర నుంచి కూడా ఏ జవాబూ రాలేదు.

ఇది రాసి చూసుకుంటే చలేసింది. బయట నలభై డిగ్రీలు.

మే 9

క్లాసులో మేడమ్ హాజరు తీసింది. నా పేరు తర్వాత కాస్త ఆగింది. ఆ నిశ్శబ్దంలో, చాలా దగ్గరగా, ఎవరో "ఉన్న" అన్నారు. వెనక్కి తిరిగాను. నాదే ఆఖరి వరుస. నా వెనక గోడ.

పక్కన కూర్చున్న ఉమామహేశ్వరి, "ఏమైందే, అంత చెమటలు?" అంది. పరీక్షల భయం అన్నాను. అదే అయి ఉంటుంది.

మే 12

ఆ చెప్పులు ఇవాళ మూడు చోట్ల కనిపించాయి. ఆఫీసులో నమాజు గది బయట. ఖుసైస్ బస్టాపులో బెంచీ కింద. మా మెట్ల మీద మూడో అంతస్తులో. ఒకటి నీలం, ఒకటి నలుపు. దగ్గరికి వెళితే రెండూ ఒకే రంగువి.

మే 14

బాపు ఫోనులో ఆ అంజి భార్య లక్ష్మవ్వ పంపిన మాట విన్నాను. బాపు అన్నం కలుపుతూ స్పీకర్ పెట్టాడు.

"అన్నా, ఒకలు ఉన్నడంటరు, ఒకలు లేడంటరు. ఉంటే ఉన్నడని చెప్పుండ్రి, లేకుంటే లేడని చెప్పుండ్రి. నడిమిట్ల నిలవెట్టకుండ్రి. పొద్దుగాల అద్దం ముంగట నిలవడి, బొట్టు వెట్టుకోవాల్నా వద్దా అని సూస్తున్న. మా అత్త ఏమో పెట్టుకో అంటది. నాకు సెయ్యి లేస్తలేదు."

బాపు కలిపిన ముద్ద అలాగే వదిలేసి చేయి కడుక్కున్నాడు. నాకు మాత్రం ఆకలేసింది. రెండోసారి పెట్టుకుని తిన్నాను. ఎందుకు తిన్నానో తెలియదు.

మే 19, ఆదివారం

అల్ వర్సాన్ వెళ్ళాను. వాచ్‌మన్‌కు ఫైలు మర్చిపోయానని చెప్పాను. నాలుగు వారాల కిందటి ఫైలు! అతను నా ఆఫీసు బ్యాడ్జి చూసి ఏమీ అడగకుండా గేటు తీశాడు.

మనుషుల్లేని క్యాంపు ఎలా ఉంటుందో ఇవాళ చూశాను. ఆదివారం కూడా ఓవర్‌టైం ఉందట, అందరూ పోయారు. పొడవైన వసారా, ఇరవై తలుపులు, ఎక్కడా మనిషి అలికిడి లేదు. తీగల మీద ఆరేసిన ప్యాంట్లు గాలికి కాళ్ళు ఆడిస్తున్నాయి. ఒక గది ముందు ఆగిపోయాను. గుమ్మం పక్కన, గోడకు ఆనించి, ఒక నీలం చెప్పు, ఒక నల్ల చెప్పు.

లోపల ఒకే ఒకాయన ఉన్నాడు, కాలికి కట్టుతో. యాభై దాటిన మనిషి. పేరు లచ్చన్న. నేను రత్నాకర్ బిడ్డనని చెబితే లేచి కూర్చున్నాడు. బాపు ఇక్కడ అందరికీ తెలుసు. ఆడిట్ సంగతి చెప్పలేదు. లెక్క నాడు బొంగురు గొంతుతో, మాస్కుతో ఉన్నాను, ఆయన నన్ను పోల్చుకోలేదు.

పక్క మంచం అంజిదట. దుప్పటి మడత పెట్టి ఉంది. మంచం కింద మిరపకాయ తొక్కు సీసా, సగం ఉంది.

"కాకా, ఆ చెప్పులు ఎవరివి?"

"సగం నాయి, సగం వానియి. వాన నాడు సూపర్వైజర్ యల్లా యల్లా అని తరుముతాండు. బూట్లు నీళ్ళల్ల కొట్టుకపోయినయి. తలుపు కాడ నా నీలి జోడు, వాని నల్ల జోడు ఉండె. తొందరల ఒకటి నాది, ఒకటి వానిది తొడుక్కొని ఉరికిండు. మిగిలినయి గివి. నేను తియ్యలే బిడ్డా. వాడు ఆ రెండు తెస్తే జోడు గూడుతయి."

నేను గుమ్మం మీదే కూర్చుండిపోయాను. ఆ ఆదివారం నేను గుమ్మాల వెంట నడిచినప్పుడు ఈ చెప్పులు ఇక్కడే ఉన్నాయి. నేను చూసింది చెప్పుల్నే. వాటిలో కాళ్ళు లేవు. కాళ్ళు, వంచిన తల, విరిగిన కార్డు, అవన్నీ నేను తర్వాత తెచ్చి పెట్టినవి.

"కాకా, లెక్క నాడు ఆయన పేరు పిలిస్తే పలికింది మీరేనా?"

ఇది అడగడానికే వచ్చాను. ఇక్కడి రివాజు బాపు ఎప్పుడో చెప్పాడు. ఎవడైనా డ్యూటీ మీదో, నిద్రలోనో ఉంటే పక్క మంచం వాడు పలుకుతాడు. లేకపోతే రోజు జీతం కోస్తారు. పలికింది లచ్చన్నే అయితే తప్పు ఆయనది కూడా.

"నేను గాదు బిడ్డా. పలుకుదామనే నోరు దెరిసిన. గంతల్నె ఎవలో 'ఉన్న' అన్నరు. అందరు హాజిర్ అంటే వాడొక్కడు ఎప్పుడు 'ఉన్న' అనేటోడు. మేమందరం ఒక్కసారే యెనకకు మల్లి సూసినం, వచ్చిండనుకోని. కరెంటు లేకపాయె, సీకటి. ఆనాడే లక్ష్మవ్వకు ఫోన్ జేసిన. వచ్చిండమ్మా, పలికిండు, భయపడకు అని." కాలి కట్టు సర్దుకున్నాడు. "ఆ మీద మూడు దినాలు రాకపోతే ఎక్కడనో మెస్సుల పడుకున్నడనుకున్నం. అటెన్క ఒక్కొక్కన్ని అడిగిన, నువ్వు పలికినవా, నువ్వా అని. అందరు మేం గాదంటరు."

"మరి ఎవరు పలికారు?"

"వాడే కావచ్చు బిడ్డా. నీళ్ళు మింగిన గొంతు లెక్కనే ఉండె."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు.

మే 20

ఏప్రిల్ 21 పేజీలో బ్రాకెట్లో ఉన్న వాక్యాలు ఆ రోజు రాసినవి కావు. ఏప్రిల్ 30న రాశాను. ఇరికించడానికి కింద ఖాళీ ఉంది, రాసేశాను. అది కూడా ఆకుపచ్చ పెన్నుతో. వెనక తేదీ వేసి కాగితం పుట్టించే క్లయింట్లను ఎలా పట్టుకోవాలో మొన్ననే పదహారు మార్కులకు చదివాను. ఎవరూ చూడని నా డైరీకే దొంగ ఎంట్రీ పెట్టాను.

నిజం రాస్తున్నా. ఎనిమిది పేజీలు చూశాను. ఆఖరి పేజీ చూడలేదు. చీకట్లో కుర్చీలో కూర్చుని, ఫోను వెలుతురులో, పేరు వినగానే టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఒక్కరినీ ముందుకు రమ్మనలేదు. తల ఎత్తలేదు. ఆకలేసింది. అంతే, ఇంకో కారణం లేదు.

మే 27

ఉద్యోగం లెటర్ వచ్చింది. బాపు దాన్ని చదవలేడు. ఇంగ్లీషు. అయినా రెండుసార్లు చూసి, మడతలు పడకుండా పాస్‌పోర్టుల సంచిలో పెట్టాడు. "ఇగ నేను బస్సు దిగినా పర్వాలే" అన్నాడు.

మే 30

చెప్పలేదు.

జూన్ 1

చెప్పలేదు.

జూన్ 2, ఆదివారం

బాపు మళ్ళీ ఆ శవం ఉన్న మార్చురీకి వెళ్ళొచ్చాడు. అది అంజేనన్న నమ్మకం వదలడం లేదు ఆయన. "ఇంకెవ్వలు రాలేదు బిడ్డా దానికోసం. డబ్బాల ఒక నంబరేసి పెట్టిండ్రు" అన్నాడు. వస్తువులేమన్నా ఉన్నాయా అని అడిగాను. ఎడమ కాలికి ఒక్క చెప్పు మిగిలిందట. నీలిది.

లచ్చన్న గుమ్మం దగ్గర మిగిలిన నీలం చెప్పు కుడికాలిది.

బాపుకు ఆ చెప్పుల కథ చెప్పాను. ఎలా తెలుసని అడిగాడు. నేను ఏడ్చాను. అన్నీ చెప్పాను: పచ్చ పెన్ను, చుక్క, ఆఖరి పేజీ, బిర్యానీ. బాపు తిట్టలేదు, తిడితే బాగుండేది. "నేను పందొమ్మిదేండ్లల్ల పెట్టెలు శానా పంపిన. పెట్టెల మనిషిని ఒక్కపారి మొఖం సూడకుంట ఎన్నడు పంపలే. నీకు నేను గది నేర్పలే" అన్నాడు.

పాస్‌పోర్టుల సంచి తీసి లెటర్ నా చేతిలో పెట్టాడు. "గిది నీది. ఏం జేస్తవో నీ ఇష్టం."

జూన్ 4

హయాత్ బాషా గారికి చెప్పాను. ఆయన లేచి గది తలుపు మూశాడు.

"చూళ్ళేదా?"

"లేదు సార్. ఆఖరి పేజీ మొత్తం."

ఆయన టీ కప్పును అటూ ఇటూ తిప్పాడు. "ఒక పని చెయ్యమ్మే. 'గుర్తు లేదు' అని రాయి. అది అబద్ధం కాదు. నీ ఉద్యోగమూ పోదు, నా సంతకమూ పోదు. నాకు ఇద్దరు బిడ్డలుండారు, ఇద్దరూ ఇక్కడే స్కూల్లో."

"గుర్తు లేదంటే నా టిక్కు అలాగే ఉంటుంది సార్. అంజి ఆ రోజుదాకా బతికే ఉంటాడు. ఆ డబ్బాలో ఉన్నాయనకు పేరు రాదు."

ఆయన కప్పు పక్కకు జరిపి, వెళ్ళి తలుపు తీశాడు. నేనేమీ ధైర్యవంతురాలిని కాను. చెప్పులు మళ్ళీ కనిపిస్తాయేమోనన్న భయంతోనే చెప్పాను.

జూన్ 6

ఆఫీసులో ఫైలు తీశాం. ఆడిట్ కాగితంలో తప్పును చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. మొదట రాసింది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, తేదీ వేయాలి. వరుస 271, మ్యాకల అంజి. నా టిక్కు మీద గీత కొట్టాను. పక్కన రాశాను: "ఈ వ్యక్తిని నేను చూడలేదు." తర్వాత ఆ పేజీలో మిగిలిన ఇరవై ఒక్క పేర్లకూ కొట్టాను.

హయాత్ బాషా గారు నా చేతిలో పెన్ను తీసుకుని, నా సంతకం కింద తనదీ పెట్టాడు. "నోటితో అనమన్నాను గానీ తల ఎత్తమని చెప్పలా నేను" అన్నాడు.

ఇక్కడ కూడా, ఏప్రిల్ 21 పేజీలో, బ్రాకెట్ మీద ఒక్క గీత కొట్టాను.

జూన్ 10

కుర్చీ ఖాళీ అవడం లేదట. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వరు. అది లేకపోతే డిగ్రీ ఇవ్వరు. ఇంటర్న్‌షిప్ మళ్ళీ మొదటి నుంచి, డిగ్రీ ఆరు నెలలు వెనక్కి. హయాత్ బాషా గారికి హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు, ఉద్యోగం మాత్రం ఉంది. క్లయింటు వేరే ఆడిటర్ని చూసుకుంది.

బాపు బస్సు దిగలేడు ఇంకా.

జూన్ 18

నేను రాసిచ్చిన కాగితం, లచ్చన్న కుడి చెప్పు, రెండూ పట్టుకుని బాపు ఆ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాడు. ఇక్కడే ముసఫ్ఫాలో వెల్డింగు చేసే అంజి తమ్ముణ్ణి పిలిపించి రక్తం తీసుకున్నారు.

జూన్ 24

ఆడిటింగ్ పేపర్ బాగా రాశాను. నవ్వొచ్చింది.

జూలై 15

తమ్ముడి రక్తంతో కలిసింది. అంజే.

బాపు లక్ష్మవ్వకు ఫోన్ చేశాడు. నేను పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అయినా వినబడింది. ఆమె ఏడవలేదు. "లేడన్నట్టే గదా అన్నా" అని ఒక్కసారి అడిగింది. బాపు లేడమ్మా అన్నాడు.

జూలై 22, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏదీ తర్వాత ఇరికించను.

పెట్టె పంపే అనుమతి కాగితం కోసం బాపుతో వెళ్ళాను. నేనే వస్తానన్నాను. పొద్దున పదకొండు గంటలు. తెల్లటి హాలు, ఏసీ, ప్లాస్టిక్ కుర్చీలు. పదిమందిమి ఉన్నాం. రెండు రోజులుగా జలుబు నాకు, ఆ చలికి గొంతు మరీ పూడుకుపోయి, మాట మధ్యలోనే తెగిపోతోంది. అక్కడ వచ్చినవాళ్ళ పేర్లు పిలవరు. పోయినవాళ్ళ పేరు పిలుస్తారు, వాళ్ళ తాలూకు మనుషులు కౌంటర్ దగ్గరికి వెళ్ళాలి. బాపు ఒక జిరాక్సు కోసం అవతలికి వెళ్ళాడు.

నా ఒళ్ళో ఫైలు ఉంది. లిస్టు, పాస్‌పోర్టు కాపీ, టికెట్టు, తమ్ముడి కాగితం. ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ, అలవాటు కొద్దీ, నోటితో గొణుక్కుంటూ, పెన్నుతో టిక్కు పెట్టుకుంటున్నాను.

మైకులో పిలిచారు. "మ్యాకల అంజి."

"ఉన్న."

హాల్లో వాళ్ళందరూ వెనక్కి తిరిగి చూశారు. జిరాక్సుతో గుమ్మంలోకి వచ్చిన బాపు కూడా తిరిగి, తన వెనక ఎవరున్నారా అని వసారాలోకి చూశాడు. బొంగురుగా, నీళ్ళు మింగినట్టు, చాలా దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. ఆ గొంతు నాకు తెలుసు. మెస్ హాల్లో విన్నాను. క్లాసులో విన్నాను.

నా పెదవులు ఇంకా తెరిచే ఉన్నాయి. పెన్ను టిక్కు మీద ఆగి ఉంది.

బాపు దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయింది.

"ఎవలు బిడ్డా పలికింది?"

"నేనే బాపూ" అన్నాను. "ఆ రోజు కూడా నేనే."